పెరట్లో పుట్టింగ్ గ్రీన్: వాన నీళ్లు కిందికా, బయటికా?

పుట్టింగ్ గ్రీన్ అంటే గోల్ఫ్ బంతిని మెల్లగా కొట్టి కన్నంలో వేయడం సాధన చేసే పచ్చిక. దానికి పరిచే ప్లాస్టిక్ పచ్చికను, అంటే టర్ఫ్‌ను, అమ్మే చోట నమూనా ముక్కను బక్కెట్ మీద పరిచి చెంబుడు నీళ్లు పోసి చూపిస్తారు. పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోతాయి. చూసినవాళ్లు తృప్తిపడి అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ఆ పరీక్షలో మోసమేమీ లేదు గానీ, దానివల్ల తెలిసేది ఒక్కటే: ప్లాస్టిక్ పచ్చిక అడుగున చిల్లులున్నాయని. ఆ చిల్లుల కింద బక్కెట్ ఉంది కాబట్టి నీళ్లు దిగాయి. పెరట్లో పచ్చిక కింద బక్కెట్ ఉండదు. గుంటూరులో అయితే చాలాచోట్ల నల్లరేగడి ఉంటుంది.

పది అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవున పుట్టింగ్ గ్రీన్ వేయిద్దామనుకున్నవాళ్లకు అమెరికా నుంచి కొడుకో అల్లుడో పంపే వీడియోల్లో పద్ధతి దాదాపు ఒకటే. మట్టి తీసేయడం, కంకర నింపి గట్టిపరచడం, పైన పచ్చిక పరచడం. నీళ్లు కంకరలోంచి నేలలోకి ఇంకిపోతాయి. ఇసుక నేల ఉన్నచోట ఇది చక్కగా పనిచేస్తుంది. రేగడిలో ఇదే పని చేస్తే పెరట్లో తొట్టి తవ్వుకుని దాని మీద పచ్చ గుడ్డ కప్పినట్టే. ఈ నేలలో నీళ్లను కిందికి పంపే ఆశ వదులుకుని, బయటికి నడిపించే దారి చూడాలి. మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

ముందు వాన లెక్క. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. 300 చదరపు అడుగుల గ్రీన్ అంటే సుమారు 28 చదరపు మీటర్లు. గంటకు 50 మిల్లీమీటర్ల చొప్పున జోరువాన కురిస్తే గ్రీన్ మీద పడేది 1,400 లీటర్లు. పెద్ద అంకెలాగే కనిపిస్తుంది గానీ సెకనుకు చూస్తే అర లీటరు కూడా లేదు. 4 అంగుళాల పీవీసీ పైపును నూరు అడుగులకు ఒక అడుగు వాటంతో వేస్తే సెకనుకు 5 లీటర్లకు పైనే మోస్తుంది. కాబట్టి పైపు నాలుగంగుళాలు వేయాలా, ఆరు వేయాలా అని మేస్త్రీతో తగువు పెట్టుకోవడం దండగ. నీళ్లు పైపు దాకా ఎలా చేరతాయి, పైపు దాటాక ఎక్కడికి పోతాయి, చిక్కంతా ఆ రెండు చివర్లలోనే ఉంది.

బంకమట్టిలో నీరు ఇంకే వేగం గంటకు 1 నుంచి 5 మిల్లీమీటర్లు. ఇసుక నేలలో అది 30 మిల్లీమీటర్లు దాటుతుంది. ఒకే సైజు కంకరను 4 అంగుళాల మందాన పరిస్తే అందులో ఇంచుమించు నూటికి నలభై పాళ్లు ఖాళీ సందులే. అంటే ఆ పొర 40 మిల్లీమీటర్ల వానను దాచుకోగలదు. పైన చెప్పిన గంట వానకు అది నిండిపోయి ఇంకా కాస్త పైకి పొంగుతుంది. నిండినదంతా గంటకు 2 మిల్లీమీటర్ల చొప్పున నేలలోకి దిగాలంటే 20 గంటలు పడుతుంది. శ్రావణ భాద్రపదాల్లో రెండు వానల మధ్య 20 గంటల తెరిపి దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వరు. తుపాను వానల తీరు ఇంకొకటి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం లాంటివి వచ్చినప్పుడు వాన రోజంతా వదలదు. అప్పటికే నేల నాని ఉంటుంది, కంకర సందులు నిండి ఉంటాయి, దాచుకునే లెక్కకు అర్థమే ఉండదు. బయటికి పోయే దారి ఉంటేనే గట్టెక్కేది.

ఈ లెక్కలో చాలామంది వదిలేసేది డాబా. 1,200 చదరపు అడుగుల శ్లాబు మీద అదే గంట వానకు 5,500 లీటర్ల నీళ్లు పడతాయి. గ్రీన్ మీద పడినదానికి నాలుగింతలు. డాబా మీది వాన నీళ్ల పైపు పెరటి వైపు దిగి, అడుగు ఎత్తులో మోచేయి తిరిగి వదిలేసి ఉందంటే గ్రీన్‌కు అసలు శత్రువు అదే. ఆ నీళ్లను చిల్లుల్లేని వేరే పైపులో నేరుగా బయటికి పంపాలి. గ్రీన్ కింది చిల్లుల పైపుకే దాన్ని కలిపేస్తే ఖర్చు తగ్గుతుందని అనిపిస్తుంది. పైపు కొసన ఎక్కడైనా అడ్డు పడిన రోజున డాబా నీళ్లన్నీ ఆ చిల్లుల్లోంచే కంకరలోకి ఎదురెక్కి, పచ్చికను కిందినుంచి తేలుస్తాయి. ఏసీ నీళ్ల గొట్టం సంగతి చిన్నదే గానీ, అది రోజూ ఒకే చోట కారితే నెల తిరిగేసరికి అక్కడ పాకుడు పడుతుంది.

నల్లరేగడితో రెండో తంటా ఉంది. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నోళ్లు తెరుస్తుంది. వైశాఖంలో గుంటూరు చుట్టుపక్కల చేలో చెయ్యి దూరేంత బీటలు చూడనివాళ్లుండరు. గోడలు పగిలే ఇళ్లకు కారణం తెలిసినవాళ్లు కూడా పెరటి గ్రీన్ దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతి మరిచిపోతారు. గోల్ఫ్ బంతి బరువు 46 గ్రాములు కూడా ఉండదు. దాని దారి మళ్లడానికి నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తుపల్లం చాలు. కంకర పొర తొట్టిలాగా నీళ్లు పట్టుకుని, ఆ నీళ్లు అడుగునున్న రేగడిని ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తడిపితే, మొదటి వానాకాలం దాటేసరికి గ్రీన్ నిండా ఎవరూ గీయని అలలు లేస్తాయి. ఇక్కడ నీటిని నేలలోకి ఇంకించడం చేతకాక మానేయడం కాదు, ఇంకించినా నష్టమే.

దీనికి మందు కాలువలు కట్టేవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. ఉబ్బే మట్టి మీద ఉబ్బని, కాస్త జిగటున్న మట్టిని మందంగా వేసి గట్టిపరిస్తే కింది ఉబ్బు పైకి అంతగా తెలియదు. ఐఐటీ బొంబాయి ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి చేసిన పరిశోధనల వల్ల ఈ పద్ధతి మన దేశంలో కాలువల పనుల్లోకి వచ్చింది. మన వైపు ఆ పనికి దొరికేది ఎర్ర గ్రావెల్. పెరటి గ్రీన్‌కు కాలువ కట్టంత మందం అక్కర్లేదు. పైన ఉన్న రేగడిని తొమ్మిది అంగుళాలో అడుగో తీసి, ఎర్ర గ్రావెల్‌ను పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించి, ఆ గట్టి తలానికే నూటికి ఒకటి వాటం ఇవ్వాలి. నీళ్లు పారాల్సింది ఈ తలం మీదనే. పైన కంకర పొర సంచీ లాంటిది, ఆ సంచీ అడుగు ఏటవాలుగా ఉంటేనే నీళ్లు ఒక పక్కకు చేరతాయి. గుణదల, మొగల్రాజపురం కొండల పాదాల దగ్గర ఎర్రమట్టీ రాయీ సహజంగానే ఉన్న స్థలాల్లో ఈ ఖర్చు చాలావరకు మిగులుతుంది.

మాటల తేడా వల్ల పని చెడే చోటు ఇదే. వీడియోలో 'గ్రావెల్' అంటే గులకరాళ్లో, పగలగొట్టిన రాయో. బెజవాడలో ట్రాక్టరు వాడికి ఫోన్ చేసి గ్రావెల్ కావాలంటే వచ్చేది ఎర్రమట్టి కలిసిన మొరం. దాన్ని పైపు చుట్టూ నింపితే ఒక్క వానకే చిల్లులు పూడిపోతాయి. నీళ్లు నడిచే పొరకు కావాల్సింది 20 ఎం.ఎం. కంకర. దొనబండ, పరిటాల క్రషర్ల నుంచైనా, గుంటూరు వాళ్లకు పేరేచర్ల నుంచైనా వచ్చేదే. అదీ డస్ట్, అంటే క్రషర్‌లో రాయి పగిలేటప్పుడు వచ్చే రాతి పొడి, కలవనిది. లోడు దింపేటప్పుడు దుమ్ము తెరలా లేస్తే ఒకసారి నీళ్లు కొట్టి కడిగించాలి. అడుగున గ్రావెల్, పైన కంకర, రెండింటి మధ్య నీళ్లను వదిలి మట్టిని ఆపే జియో టెక్స్‌టైల్ గుడ్డ. ఆ గుడ్డ లేకపోతే ఎర్రమట్టి నెమ్మదిగా కంకర సందుల్లోకి ఎక్కుతుంది.

కంకర మీద నేరుగా క్రషర్ డస్ట్ పరిచి చదును చేయడం మామూలుగా జరిగే పని. కొత్తలో బాగానే ఉంటుంది. వాన పడ్డప్పుడల్లా డస్ట్ కంకర సందుల్లోకి జారి, పైన గుంటలు పడతాయి. పై పొర గింజ కింది పొర సందుల్లోంచి జారకూడదన్నది వడపోతలో మొదటి నియమం. అందుకని మధ్యలో అంగుళం మందాన బేబీ చిప్స్, అంటే సన్న కంకర, వేయాలి. డస్ట్ అంగుళానికి మించకూడదు, ఎందుకంటే బాగా తొక్కిన డస్ట్ మెత్తటి గచ్చులా మారి నీళ్లను ఆపుతుంది. ఏ డస్ట్ మంచిదో తేల్చుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. గాజు సీసాలో సగం డస్ట్ వేసి, నీళ్లు పోసి, బాగా కుదిపి గూట్లో పెట్టి మర్నాడు చూడాలి. గరుకు గింజల మీద వేలెడు మందాన బురద పేరిందంటే ఆ లోడు వెనక్కి పంపడమే మేలు.

పైపు సంగతి. గ్రావెల్ తలం ఏ వైపు వాలిందో ఆ అంచు వెంట ఎనిమిది అంగుళాల లోతు గాడి తీసి, గుడ్డ పరిచి, కంకర మధ్యలో చిల్లుల పైపు పెట్టాలి. చిల్లులు పైకి ఉంటేనే నీళ్లు పడతాయన్నది తొందరపాటు. గడియారంలో 4, 8 అంకెలున్న చోట్ల చిల్లులు వచ్చేట్టు పెడితే గాడిలో నీటిమట్టం కొద్దిగా లేవగానే పైపు అందుకుంటుంది, పైనుంచి జారే మట్టి లోపలికి పోదు. గుడ్డను గాడికి చుట్టాలి గానీ పైపుకు కాదు. పైపుకు బిగుతుగా తొడిగిన గుడ్డ మన మెత్తటి మట్టికి త్వరగా పూడుకుంటుంది. పైపు ఎగువ కొసను పైకి తిప్పి మూత పెడితే ఏడాదికోసారి గొట్టంతో నీళ్లు కొట్టి కడగొచ్చు. పక్కనే వేపో కొబ్బరో ఉంటే ఆ మూత విలువ మూడో ఏడు తెలుస్తుంది, తడి ఉన్నచోటికి వేళ్లు వెతుక్కుంటూ వస్తాయి.

ఇప్పుడు లోతులు కూడి చూడాలి. అసలు డిజైన్ ఇక్కడుంది. పచ్చిక, అందులో ఇసుక కలిసి అర అంగుళం, డస్ట్ ఒకటి, చిప్స్ ఒకటి, కంకర నాలుగు, గాడి ఎనిమిది. ఎగువ కొసలోనే పైపు అడుగు గ్రీన్ మట్టానికి 14 అంగుళాలకు పైగా కిందికి వెళ్లింది. అక్కణ్ణుంచి 30 అడుగుల గ్రీన్ పొడవునా నూటికి ఒకటి వాటం అంటే మరో మూడున్నర అంగుళాలు. ఇంటి పక్క సందులోంచి రోడ్డు దాకా ఇంకో 40 అడుగులుంటే ఇంకో ఐదు. పైపు కొస రోడ్డు దగ్గరికి చేరేసరికి 23 అంగుళాల లోతున ఉంటుంది. రోడ్డు పక్క కాలువ వాన రోజున నిండి పారేటప్పుడు దాని నీటిమట్టం పెరటి నేలకు ఎన్ని అంగుళాల కింద ఉంటుంది? చాలా వీధుల్లో అడుగు కూడా ఉండదు. నీరు పల్లమెరుగు అంటారు గానీ, బెజవాడలో ఏది పల్లమో రోడ్డు మీద రోడ్డు వేసినప్పుడల్లా మారిపోతుంది. ఇరవై ఏళ్ల కింద మూడు మెట్లెక్కి వెళ్లిన ఇల్లు ఇవాళ రోడ్డు నుంచి ఒక మెట్టు దిగి వెళ్లేదిగా మారిన వీధులు ఎన్నో.

అందుకే తవ్వకం మొదలుపెట్టకముందే మేస్త్రీల నీళ్ల పైపు తెప్పించి పెరటి నుంచి కాలువ దాకా మట్టాలు తీసుకోవాలి. అదీ ఎండ రోజు కాలువ అడుగు చూసి కాదు, వాన వెలిశాక గోడ మీద మిగిలిన తడి గీత చూసి. తేడా 23 అంగుళాలకు తక్కువైతే దారులు మూడు. గ్రీన్‌ను తవ్వి కిందికి దించడం మానేసి పైకి లేపడం మొదటిది, అన్నిటికన్నా నమ్మకమైనది. అడుగు ఎత్తు లేపితే కట్టుబడి కాస్త పెరుగుతుంది గానీ కరెంటుతో పనిలేదు. ఒక్కటే జాగ్రత్త, గ్రీన్ మట్టం ఇంటి ప్లింత్‌కు (పునాది పై మట్టానికి) కనీసం ఆరు అంగుళాలు దిగువన ఉండాలి, ఇంటి వైపు అంచు వాటం గోడకు దూరంగా పోవాలి. రెండోది, వాటాన్ని రెండు వందలకు ఒకటికి తగ్గించడం. కాగితం మీద ఇది చాలు, నునుపైన పైపులో పారుతుంది కూడా. వేసే చేతిలో రసమట్టం సరిగా లేకపోతే మధ్యలో పొట్ట పడి అక్కడే బురద పేరుకుంటుంది. మూడోది వరల గుంత, మోటారు. మూడడుగుల వెడల్పు సిమెంటు వర అడుగెత్తుకు 200 లీటర్లు పడుతుంది, నాలుగు వరలు దించితే 800. గ్రీన్ నుంచి వచ్చే నీటికి, నీటిమట్టం లేవగానే దానంతటదే ఆన్ అయ్యే ఫ్లోట్ స్విచ్ ఉన్న అర హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్ సులువుగా సరిపోతుంది. గాలివాన వచ్చిన వెంటనే కరెంటు పోతుంది కాబట్టి ఇన్వర్టర్‌కు కలపకుండా పెట్టిన మోటారు అలంకారమే. ఏ దారి ఎంచుకున్నా కాలువలో కలిసే కొసన ఎన్నార్వీ (నీళ్లను వెనక్కి రానివ్వని వాల్వు) ఉండాలి, లేకపోతే వీధి మురుగు అదే పైపులో పెరటికి చుట్టపు చూపుగా వస్తుంది. భూగర్భ డ్రైనేజీ మ్యాన్‌హోల్‌కు కలిపేస్తే పోలా అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. ఆ లైను మరుగుదొడ్ల నీటికి. అందులో వాన నీళ్లు కలిపితే పొంగేది ముందుగా అదే వీధిలో.

ఇంకుడు గుంత మాటేమిటి? 2002 నాటి వాల్టా చట్టం నుంచీ వాన నీటిని భూమిలోకి పంపాలని చెబుతూనే ఉన్నారు, ఉద్దేశం మంచిదే. కొండవాలు స్థలాల్లోనూ, రేగడి పొర కింద ఇసుక తగిలే చోటా గుంత ఆ ఇసుక దాకా దిగితే బాగా పనిచేస్తుంది. బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువల దగ్గరి స్థలాల్లో కాలువలు వదిలాక భూగర్భ జలం పైకి వస్తుంది. వానాకాలంలో తవ్విన గుంతలో నీళ్లు వాటంతట అవే ఊరుతుంటే అందులోకి ఇంకేదేముంటుంది? అడుగు లోతు గుంట తీసి, నీళ్లు నింపి ఒక రాత్రి నాననిచ్చి, మర్నాడు మళ్లీ నింపి గంటకు ఎంత దిగిందో స్కేలు పెట్టి చూస్తే ఆ స్థలం కథ తెలిసిపోతుంది. ఈ పరీక్ష మే నెలలో చేస్తే బీటల్లోకి నీళ్లు పోయి అబద్ధం చెబుతుంది. సెప్టెంబరులో చేయాలి.

వాస్తు పట్టింపు ఉన్న ఇళ్లలో ఇంకో ముడి పడుతుంది. వాటం ఈశాన్యానికి ఉండాలి, రోడ్డు కాలువ దక్షిణాన ఉంది. మేస్త్రీకి ఇంజినీరుకి మధ్య గంటల కొద్దీ వాదన. నిజానికి ఇక్కడ గొడవపడేదేమీ లేదు. పైతలం వాటం ఈశాన్యానికే పెట్టి, ఆ మూల చిన్న గుంటలో నీటిని పట్టి, అక్కణ్ణుంచి ప్రహరీ వెంట చిల్లుల్లేని పైపులో దక్షిణానికి తీసుకురావచ్చు. పొడవు పెరుగుతుంది, దాంతో లోతూ పెరుగుతుంది, కాబట్టి పైన వేసిన కూడిక మళ్లీ వేసుకోవాలి. అంతే.

గ్రీన్ పైన పెట్టే మిట్టపల్లాల దగ్గర కళాపోషణ కాస్త అదుపులో ఉండాలి. బంతి వంక తిరగాలని మిట్టలు పెడతారు, మంచిదే. ప్రతి పల్లానికీ ఏదో ఒక వైపు నోరు ఉండాలి. నాలుగు వైపులా మూసుకున్న పల్లం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వానకు చెరువవుతుంది. చిల్లులున్నాయి కదా అంటే, రెండేళ్లకు వేపపూత, దుమ్ము, పాకుడు కలిసి వాటిలో సగం మూసేస్తాయి. అప్పటి నుంచి నీళ్లు పచ్చిక మీద పారి అంచుకు పోవాల్సిందే. అందం కోసం చుట్టూ కట్టే సిమెంటు గట్టు ఆ అంచునే మూసేస్తుంది. గట్టు తప్పదనుకుంటే దిగువ వైపు మూడు నాలుగు అడుగులకో కన్నం వదలాలి.

బంతి పడే కన్నంలో పెట్టే కప్పు గురించి ఎవరూ ఆలోచించరు. గోల్ఫ్ కన్నం వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, లోతు కనీసం నాలుగు. గ్రీన్ మొత్తంలో అన్నిటికన్నా లోతైన గుంట అదే, కాబట్టి చుట్టుపక్కల నీళ్లు ముందు చేరేదీ అక్కడికే. కప్పు అడుగున చిల్లులు లేకపోతే, ఉన్నా వాటి కింద గట్టిపడిన డస్ట్ ఉంటే, వారం రోజుల్లో అందులో దోమపిల్లలు గిలగిల్లాడుతుంటాయి. డెంగీ దోమకు అంత నీరు చాలు. కప్పు కూర్చునే చోట డస్ట్‌నూ చిప్స్‌నూ తప్పించి కింది కంకర దాకా కన్నం దించి, అందులో కడిగిన కంకర నింపి, దాని మీద కప్పు కూర్చోబెడితే సరి. పది నిమిషాల పని. పచ్చిక అతికించాక చేయాలంటే సగం రోజు.

మొత్తం స్థలానికి సిమెంటు బెడ్డు వేసి పైన పచ్చిక అతికించే పద్ధతి ఈ ఊళ్లలో మామూలు. చదును సులువుగా వస్తుంది. వాటం సరిగా ఇస్తే నీళ్లూ పోతాయి, చిన్న స్థలంలో దాన్ని తప్పనలేం. రేగడి మీద నేరుగా వేసిన బెడ్డు బీటలు వారుతుంది, బంతి టపటపా ఎగురుతుంది, ఎండాకాలం ప్లాస్టిక్ పచ్చిక 60 డిగ్రీలు దాటి కాలుతుంటే కింద తడి ఆరని బెడ్డు నుంచి ముక్క వాసన వస్తుంది.

పచ్చికలో చల్లే ఇసుక కూడా డ్రైనేజీలో భాగమే. కృష్ణ ఇసుక చవకగా దొరుకుతుంది కదా అని జల్లెడ పట్టి చల్లితే అందులోని మెత్తటి మట్టి చిల్లుల్ని మూసేస్తుంది. గూడూరు, చిల్లకూరు వైపు నుంచి వచ్చే కడిగిన సిలికా ఇసుక గింజ గుండ్రంగా, శుభ్రంగా ఉంటుంది. ఖరీదు తేడా మొత్తం పని ఖర్చులో లెక్కలోకి రాదు.

ఇంత చేసినా ఆగనివి ఉంటాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గట్లు తెగి సింగ్ నగర్, పాయకాపురం మునిగినప్పుడు, అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు నీళ్లు ఆకాశం నుంచి కాదు, వీధిలోంచి వచ్చాయి. అలాంటి నీటికి ఏ పైపూ సరిపోదు. అది వదిలి వెళ్లే ఒండ్రు కంకరలో దిగితే పచ్చిక ఎత్తి, కంకర కడిగి మళ్లీ వేయాల్సిందే. ముంపు మాట ఒక్కసారైనా విన్న వీధిలో పచ్చికను అడుగంతా జిగురుతో అతికించకుండా అంచుల్లో మాత్రం మేకులతో బిగించడం అందుకే.

కంకర, చిప్స్, డస్ట్ అయిపోయి పచ్చిక ఇంకా చుట్టలోనే ఉన్న రోజున ఒక వాటర్ ట్యాంకర్ పిలిపించాలి. గొట్టం ఎగువ వైపు పెట్టి పదిహేను నిమిషాలు వదిలి, ఒకరు రోడ్డు దగ్గర పైపు కొసన నిలబడాలి. మొదట బురద నీళ్లు, తర్వాత తేట నీళ్లు రావాలి. గొట్టం కట్టేశాక కాసేపటికి ధార సన్నబడి ఆగాలి. డస్ట్ మీద ఎక్కడైనా నీళ్లు మెరుస్తూ నిలిస్తే అక్కడ సుద్దతో గీసి, అల్యూమినియం బద్ద పెట్టి సరిచేయించాలి. మేస్త్రీకి ఆఖరి కూలి ఇవ్వాల్సింది ఆ తర్వాతే.